నేను తుడిచేసిన తేలుపిల్ల

పచ్చబొట్టు బొమ్మలు గీసే పనిలోకి నేను జాకెట్ల మీదుగా వచ్చాను. ప్రొద్దుటూరులో మగ్గం వర్కు చేసేవాళ్లకు జాకెట్టు మెడలు, చేతులు, వీపుల మీదికి డిజైన్లు గీసివ్వడం నా పని. నెమళ్లు, మామిడి పిందెలు, తీగలు. పెళ్లిళ్ల కాలంలో కల్యాణమండపంలో వెనక వరుసలో కూర్చుంటే, ముందున్న వీపుల్లో సగం నావే అనిపించేవి. నేను మురిసిపోయేదాన్ని. వీపులు కాబట్టి ఏవీ నన్ను తిరిగి చూసేవి కావు.

పులివెందులలో టాటూ షాపు పెట్టుకున్న ఒకతను భార్య జాకెట్టు కోసం ఆమెను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బెంగళూరులో పని నేర్చుకున్నాడట. ఆమె మెడ డిజైను ఎంచుకునేలోపు అతను నా బొమ్మల పుస్తకమంతా తిరగేసి, తన షాపుకు ఒక ఫ్లాష్ షీటు గీసిస్తావా అక్కా అని అడిగాడు. అదేమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాక, మెరిసే కాగితం మీద గీయాల్నా అని అడిగాను. అతను మంచివాడు, నవ్వలేదు. పెద్ద కాగితం మీద పదో పన్నెండో చిన్న బొమ్మలు ఉంటాయి, దాన్ని గోడకు తగిలిస్తారు, వచ్చినవాళ్లు చూసి ఇది కావాలని వేలు పెడతారు అని వివరించాడు. ఫోన్లో దొరికే బొమ్మలు అన్ని షాపుల్లోనూ ఉంటాయి, చేత్తో గీసినవైతే తన దగ్గరే ఉంటాయని అతని ఆలోచన.

వారం రోజులు కూర్చుని మొదట సింహాన్ని గీశాను. జూలు నిండా జరీ తీగలు తిప్పాను. నుదుటి మీద కుందన్ రాయి కుట్టడానికి చోటు కూడా వదిలాను, అలవాటు కొద్దీ. మా ఆయన అన్నం తింటూ తింటూ దానివైపు చూసి, "ఈ సింహం యాడికి, పెండ్లికి పోతాండాదా?" అన్నాడు. ఆయనకు కళ తెలియదని నేను ఆ పూట మాట్లాడలేదు. మరుసటి వారం టాటూ అతను వచ్చి చాలాసేపు దాన్ని చూశాడు.

"బాగుందక్కా. కానీ తోలు మింద నాలుగేండ్లకు ఇదంతా కలిసిపోయి నల్ల మచ్చ అయితాది. గీతలు తగ్గించు."

నేను గీతలు తగ్గించడం నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

పని పద్ధతి అతనే నేర్పాడు. ముందు పెన్సిలుతో గీయాలి, పైన ఇంకు పెన్నుతో దిద్దాలి, జిరాక్సు షాపులో స్కాన్ చేయించాలి, తర్వాత ట్యాబ్‌లో శుభ్రం చేయాలి. స్కాన్‌లో గీత ఒక్కటే రాదు. కాగితం గరుకు వస్తుంది, రబ్బరు తుడిచిన మరక వస్తుంది, ఉదయం తిన్న దోసె నూనె నా వేలిముద్రతో సహా వస్తుంది. అవన్నీ తీసేసి గీతను నల్లగా, చుట్టూ ఉన్నదాన్ని ఖాళీగా చేస్తే, దాన్ని ప్రింటు తీసి చర్మం మీద అచ్చు వేసుకోవచ్చు.

ఈ శుభ్రం చేసే పనిలో నేను పడిపోయాను. నలభై దాటిన మనిషికి వెనక్కి తీసుకునే బటను ఒకటి చేతికి వచ్చింది. గీత తప్పితే నొక్కు, అసలు తప్పే జరగలేదు. వేళ్లతో సాగదీసి చూస్తే వెంట్రుకంత గీత జమ్మలమడుగు రోడ్డంత అయ్యేది. ఆ రోడ్డు అంచులు చెక్కుతూ మూడు రోజులు గడిపి, చివరికి ప్రింటు తీస్తే అది కందిబేడంత గులాబీ రేకు. అన్నిటికంటే నాకు నచ్చింది, సగం గీస్తే మిగతా సగాన్ని అద్దంలోలా అదే వేసే సౌకర్యం. దాంతో నా ఫోటోను కూడా సగానికి కోసి అతికించి చూసుకున్నాను. రెండు ఎడమ చెంపలతో అచ్చం మా మేనత్తలా ఉన్నాను. అయినా బుద్ధి రాలేదు.

అలాంటి రోజుల్లో పులివెందుల ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక అమ్మాయి టాటూ అతని దగ్గరికి వెళ్లింది. ఆమెది మైలవరం పక్క పల్లె. వాళ్ల అవ్వ ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది, అదే తన చేతి మీద కావాలంది. ఫోన్లో తీసిన ఫోటోలో ముడతలు తప్ప ఏమీ తెలియడం లేదు. అతను నన్ను వెళ్లి చూసి గీసుకురమ్మన్నాడు.

జమ్మలమడుగు దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో వెళ్లాను. అవ్వకు ఎనభై దాటి ఉంటాయి. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చెయ్యి నా ఒళ్లో పెట్టింది. పచ్చబొట్టు ఒక తేలు. వయసుతో ఆకుపచ్చ నీలంగా మారి, అంచులు పాకిపోయాయి. ముందరి కాళ్లలో కుడిది చిన్నది, కొండి ఒక పక్కకు ఒరిగింది, వెనక ఏడు చుక్కలు వంకరగా ఉన్నాయి, వాటికి దూరంగా ఇంకో చుక్క. నేను పల్చటి కాగితం పరిచి అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిద్దుకున్నాను. ఆ మాట మాత్రం నా వైపునుంచి చెప్పుకోవాలి.

తర్వాత ఇంటికి వచ్చి స్కాన్ తీసి ట్యాబ్ తెరిచాను. పాపం, ఎవరో పల్లెటూరి ఆమెకు గీయడం రాక ఇలా పొడిచి పోయిందని జాలిపడ్డాను. కుడి కాలిని తీసేసి ఎడమ కాలినే తిప్పి పెట్టాను. కొండిని నిలబెట్టాను. ఏడు చుక్కలను సమాన దూరంలో సర్దాను. దూరంగా ఉన్న చుక్క పుట్టుమచ్చో, మరకో అనుకుని ఒక్క తాకుతో తుడిచేశాను. తేలు ఎంత ముద్దుగా వచ్చిందంటే ఫోన్లో ముగ్గురికి పంపించాను. నర్సమ్మాయి కూడా చూసి శానా బాగుందక్కా అంది.

పొడిపించుకునే రోజు నన్నూ రమ్మన్నారు. పొగడ్త వినడానికి ఎండలో పులివెందుల దాకా బస్సు ఎక్కాను. ఆ రోజే అవ్వను కంటి పరీక్షకు ఆసుపత్రికి తీసుకొచ్చి, అటునుంచి అటే షాపుకు తెచ్చారు. అమ్మాయి ముంజేతి మీద అచ్చు వేయడం అయింది. అవ్వ ఆ చేతిని దగ్గరికి లాక్కుని చూసింది.

"ఇది ఎవరి తేలు? నాది కాదు."

"నీదే అవ్వా. కొంచెం సరిచేసినా," అన్నాను.

"దానికేం రోగమొచ్చిందని సరిచేస్తివి?"

ఊరుకుంటే సరిపోయేది. నేను ఆమె చేతి మీదున్న బొమ్మ గురించి ఆమెకే పాఠం చెప్పడం మొదలుపెట్టాను. రెండు వైపులా సమానంగా ఉంటే కంటికి ఇంపుగా ఉంటుందన్నాను. ఆ పక్కన చుక్క బొమ్మలోది కాదు, మచ్చ అన్నాను. అవ్వ నన్ను ఆపలేదు. అంతా విని, దూరంగా ఉన్న ఆ చుక్క మీద వేలు పెట్టింది.

"మచ్చ కాదు మే. ఇది దాని పిల్ల."

పదేళ్ల వయసులో పచ్చబొట్టు పొడిచే ఆమె ఇంటి ముందుకు వస్తే తనే మారాం చేసి కూర్చుందట. చివరి చుక్కల దగ్గర నొప్పి తట్టుకోలేక చెయ్యి లాగేసింది, సూది జారి పక్కన పడింది. వాళ్లమ్మ కొట్టబోతే పొడిచే ఆమె అడ్డం వచ్చి, పోనీలే, తేలుకు పిల్ల పుట్టింది అందట. అప్పటినుంచి ఆ ఇంట్లో బిడ్డలందరూ తేలుపిల్ల యాడుంది అని ఆ చేతిని వెతుకుతూ నిద్రపోయినవాళ్లే. అది వింటూ నర్సమ్మాయి మొహం మారిపోయింది. నిద్రపోయినవాళ్లలో తనూ ఉంది. నా అందమైన బొమ్మ చూసిన సంతోషంలో పిల్ల లేదన్న సంగతే తనకు తట్టలేదు. అవ్వ చెయ్యి తీసుకుని ఆ చుక్కను బొటనవేలితో తడుముతూ కూర్చుంది.

నేను ట్యాబ్ తీశాను. వెనక్కి తీసుకునే బటను నొక్కాను. బొమ్మ అయిపోయిందన్న గర్వంతో, అడుగున అసలు స్కాన్, పైన నా దిద్దుబాట్లు ఉన్న పొరలన్నీ ఒకటిగా కలిపి దాచేశాను కాబట్టి అది ఎక్కడికీ వెళ్లలేదు. పల్చటి కాగితం ప్రొద్దుటూరులో ఉంది. టాటూ అతను అచ్చు తుడిచేసి, కొత్త కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు. మళ్లీ అవ్వ చేతి మీద కాగితం పరిచి దిద్దాను. ట్యాబ్ నా గీతలను నున్నగా చేసి పెడుతూ ఉండడంతో ఆరు నెలల్లో నా చెయ్యి ఎంత చెడిపోయిందో ఆ పావుగంటలో తెలిసింది. వంకర గీయడానికి ఇంత చెమట పట్టడం నాకు అదే మొదటిసారి.

తేలు వచ్చింది. పిల్ల దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎంత యథాలాపంగా పెట్టాలన్నా, ఆలోచించి పెట్టినట్టే ఉంటుందనిపించింది. పిల్ల లేకుండానే టాటూ అతను ఆ తేలును అమ్మాయి చేతి మీద కొత్తగా అచ్చు వేశాడు. అవ్వ నా చేతిలోనుంచి పెన్ను తీసుకుని, అచ్చు పడిన మనవరాలి ముంజేతి మీద తనే చుక్క పెట్టింది. చెయ్యి వణికి అది ఇంకా కిందికి, దాదాపు మణికట్టు దగ్గర పడింది. కొంచెం పైకి జరపాల్నా అని టాటూ అతను అడిగాడు.

"జరపొద్దు," అంది అమ్మాయి. అతను సూది పెట్టాడు. అవ్వ పక్కన కూర్చుని, చెయ్యి లాగకుండా ఆమె భుజం పట్టుకుంది.

ఆ తేలును గోడ మీది షీటులో పెట్టుకుంటానని టాటూ అతను తర్వాత అడిగాడు. అవ్వను అడక్కుండా గీయనని చెప్పి మైలవరం వెళ్లాను. ఆమె, తేలును పెట్టుకోండి, పిల్లను మాత్రం వద్దు, అది మా ఇంటిది అంది. సరేనని ఒంటి తేలును గీసిచ్చాను. కుడి కాలు చిన్నది, కొండి ఒరిగింది, చుక్కలు వంకర. ట్యాబ్‌లో దోసె నూనె మాత్రమే తుడిచాను.

ఇప్పటికి దాన్ని చాలామంది పొడిపించుకున్నారు. అంతకంటే ఎక్కువమంది, ఒక కాలు చిన్నగుండాదే, గీసినామెకు గీసేది రాదా అని అడుగుతుంటారట. అడిగిన ప్రతిసారీ అతను పనిగట్టుకుని నాకు ఫోన్ చేసి చెబుతాడు. రాదని చెప్పమంటాను.