అన్నీ ఎడమ చేతులే

ఒక మనిషి అలవాట్లన్నీ మంచివే అయినప్పుడు, ఆ మనిషికి ఏదో అవుతోందని పక్కనున్నవాళ్ళు ఎలా కనిపెట్టాలి? చెడ్డ అలవాటైతే నలుగురి కళ్ళల్లో పడుతుంది, ఇంట్లో గొడవవుతుంది, ఎవరో ఒకరు నిలదీస్తారు. మంచి అలవాటుని ఎవరు నిలదీస్తారు? నేను పుస్తకాల మధ్యే బతుకు గడిపినవాణ్ణి. ఈ ప్రశ్నకి మాత్రం ఏ పుటలోనూ నాకు జవాబు కనపడలేదు.

మా అక్క భర్త ఒక దర్జీ షాపులో కటింగ్ మాస్టరు. చూపు మెల్లగా పోతోందని ఆయనకి తెలుసు. ఆ సంగతి బయటపడితే చేతిలోంచి కత్తెర తీసేసుకుంటారనీ తెలుసు. బట్ట కొయ్యడం తప్ప ఇంకో పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు, చెయ్యాలనీ అనుకోలేదు. అందుకని దాచాడు. పద్ధతిగా బతకడంలో దాచాడు. మేమంతా ఆ పద్ధతిని చూసి మురిసిపోయాం.

ఇంటికి రాగానే చెప్పులు గుమ్మానికి కుడిపక్కన గోడకి ఆనించి విడిచేవాడు. తాళంచెవి మేకుకి, టేపు మెడలో, కళ్ళజోడు చొక్కా జేబులో. కుర్చీలో కూర్చునేముందు చేత్తో ఒకసారి తట్టేవాడు. దుమ్ము దులుపుకుంటున్నాడనుకున్నాం. నీళ్ళు వంచుకునేటప్పుడు గ్లాసు అంచు లోపలికి వేలి కొన పెట్టుకునేవాడు. అక్క విసుక్కుంటే, "నా గ్లాసు, నా వేలు. నీకేం ఇబ్బంది?" అనేవాడు. వీధిలో అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఎవరా అని చూడకుండా తనే ముందు "బావున్నారా?" అని పలకరించేవాడు. అంత మర్యాదస్తుడు ఈ వీధిలో లేడని పేరొచ్చింది. ఒకసారి ఎదురింటివాళ్ళు అరుగు మీద ఆరేసిన కోటుని కూడా బావున్నారా అన్నాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయనా నవ్వాడు, మాకంటే ఎక్కువగా.

ఆ పద్ధతివల్ల ఇల్లు నిజంగానే బాగుపడింది. ఈ మాట వెటకారానికి అనడం లేదు. అంతకు ముందు ఆ ఇంట్లో పొద్దున్న పూట ఒకటే గోల. కొడుకు బెల్టు కోసం, కోడలు దువ్వెన కోసం, అక్క అగ్గిపెట్టె కోసం తలో గదిలో తిరుగుతూ ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు. బావ పట్టుబట్టి ప్రతి వస్తువుకీ ఒక చోటు పెట్టించాడు. "తీసినచోటే పెట్టండి. దానికి డబ్బక్కర్లేదు, బలమక్కర్లేదు," అనేవాడు. కోడలు మొదట్లో మూతి ముడుచుకుంది. మామయ్య ఇంటిని కూడా షాపు చేసేస్తున్నారని మొగుడి దగ్గర గొణిగింది. కొన్నాళ్ళకి ఆ పిల్లే వచ్చినవాళ్ళకల్లా చెప్పడం మొదలుపెట్టింది, మామయ్య వల్ల పొద్దున్న పూట మాకు కూర్చుని టీ తాగే తీరిక వచ్చిందని. దారిలో బాల్చీగానీ పీటగానీ వదిలితే బావ ఊరుకునేవాడు కాదు. ఇల్లు శుభ్రంగా ఉండాలన్న పట్టుదల అనుకున్నాం గాని, కాలికి తగులుతాయన్న భయం అనుకోలేదు.

నాకు జరిగిన మేలు కూడా చెప్పాలి. నేను పక్క వీధిలో ఉండేవాణ్ణి. రోజూ పొద్దున్నే వెళ్తే పేపరు నా చేతిలో పెట్టేవాడు. "చదువు. నీ గొంతులో వింటే దొంగతనం వార్త కూడా మర్యాదగా ఉంటుంది," అనేవాడు. ఎప్పుడూ పెదవి కదపకుండా చదువుకునే అలవాటున్నవాణ్ణి, ఆయన కోసం పైకి చదవడం నేర్చుకున్నాను. ఒంటరివాడి ఇంట్లో గొంతు తుప్పు పడుతుంది. నా గొంతు తుప్పు పట్టకుండా కాపాడింది ఆ అరగంటే.

షాపు పొడుగాటిది, రెండు గదులు. ముందు గదిలో కొలతలు తీసుకునే చోటు, లోపలి గది మధ్యలో కటింగ్ బల్ల, వెనక గోడకి మొహం పెట్టుకుని కుట్టు మెషిన్లు. వీధి కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టే ఆవిణ్ణి అందరూ కాజాల పిన్ని అనేవాళ్ళు. బావ బల్ల మీద కత్తెర ఒక మూల, సుద్ద డబ్బా ఒక మూల. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. సాయంత్రం షాపు కట్టేముందు అయస్కాంతం పట్టుకుని నేలంతా తిప్పి సూదులు ఏరేవాడు. రానురాను ఆయన బట్ట మీద గీసే సుద్దగీతలు లావెక్కాయి. పిన్ని ఊరుకుంటుందా? "మాస్టారు గీతలు గియ్యడం లేదు, రోడ్లు వేస్తున్నారు. రేపో మాపో బస్సులు తిరుగుతాయి," అంది. షాపంతా నవ్వింది.

ఆ మధ్యే ఆయన ఎవరికీ చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. కంట్లో ఒత్తిడి పెరిగిందని, చూపు అంచుల నుంచి తరుక్కుపోతోందని డాక్టరు చెప్పాడట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, పొద్దునా సాయంత్రం ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసుకోవాలి, ఎప్పటికీ మానకూడదు. కొన్నాళ్ళు బావ అందరికంటే ముందు షాపుకి వెళ్ళి, బట్టల బీరువాకి తల ఆనించి చుక్కలు వేసుకున్నాడు. తరవాత పని పెరిగి షాపాయనే పెందలాడే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో వేసుకుంటే అక్క అడుగుతుంది. చుక్కల మందు సీసా సుద్ద డబ్బా అడుగుకి చేరింది. అన్ని చిన్న పనులూ ఒక్కపూట తప్పకుండా చేసిన మనిషి, తనకి నిజంగా అవసరమైన చిన్న పనిని మానేశాడు. అది చేస్తే మిగిలినవన్నీ ఎందుకు చేస్తున్నాడో తెలిసిపోతుంది మరి.

ఒక హోటలు వాళ్ళు పనివాళ్ళందరికీ కోట్లు కుట్టమని పెద్ద ఆర్డరు ఇచ్చారు. ముదురు నీలం బట్ట. లోపలివైపు అదే నీలం, కాస్త వెలిసినట్టు ఉంటుంది. ఒంటి భాగాలకి బావ బట్ట తానుని విప్పి అటూ ఇటూ మడతలుగా పరిచి కోశాడు. అలా పరిస్తే ఒక పొరలో ముదురువైపు పైకీ, దాని మీది పొరలో కిందికీ తిరిగి కుడీ ఎడమా జతగా వాటంతట అవే వస్తాయి. కోటు చేతుల దగ్గరికి వచ్చేసరికి తాను అయిపోయింది. షాపాయన ఇంకోచోట నుంచి అదే బట్ట ముక్కలుగా కోయించి తెచ్చాడు. ముక్కలైతే ఒకటి పైకీ ఒకటి కిందికీ తిప్పి పేర్చుకోవాలి. అన్నీ ఒకేవైపు పేరిస్తే అన్నీ ఒకే చెయ్యి వస్తాయి. పని నేర్చుకునే మొదటి వారంలో చెప్పే మాట అది.

బావ ముక్కల్ని కంటితో పేర్చడం మానేసి చాలా కాలమైంది. బొటనవేలితో రుద్ది చూసేవాడు. పైవైపు నేత గరుగ్గా తగిలేది, లోపలివైపు నున్నగా ఉండేది. ఈ బట్ట రెండువైపులా ఒకటే నునుపు. ఎన్నిసార్లు రుద్దినా వేలికి ఏమీ తెలియలేదు. ముక్కలు తెచ్చినవాళ్ళు జతలుగా తిప్పే పేర్చి ఉంటారనుకున్నాడు. అడగచ్చు. అడిగితే, నీకు కనపడటం లేదా అంటారు. అడగలేదు. ఆ దొంతర మీద రోడ్డంత గీత గీసి కోసేశాడు.

తరవాత జరిగింది పిన్ని చెబితే తెలిసింది. మెషిను దగ్గరావిడ మొదటి కోటుకి ఎడమ చెయ్యి అతికించి, కుడి చెయ్యి కోసం దొంతర తిరగేసింది. "పిన్నీ, కుడి చేతులు నీ దగ్గరున్నాయా?" అంది. నా దగ్గరున్నవి నా చేతులే, అంది పిన్ని. మొదట నవ్వులాటగా మొదలై, కాసేపటికి అందరూ లేచి బల్లల కింద, ఇస్త్రీ బట్టల్లో, గోనెసంచుల వెనక కుడి చేతుల కోసం వెతికారు. బావ కూడా వంగి బల్ల కింద తడిమాడట. అంతలో షాపాయన ఒక్కొక్క ముక్కనీ వెలుతురుకి పట్టి, ముదురు రంగు పైకి పెట్టుకుంటూ బల్ల మీద పరిచాడు. బల్ల నిండా ఎడమ చేతులు.

షాపాయన అరవలేదు. "మాస్టారూ, రంగు తేడా చూసుకోలేదా?" అని అడిగాడు.

పిన్ని అడ్డం పడింది. ఈ లైటు కింద ఎవరికి తేడా తెలుస్తుంది, నాకూ అలాగే ఉంది, అంది. బావ నిటారుగా నిలబడ్డాడు.

"లైటు బానే ఉంది పిన్నీ," అన్నాడు. తరవాత షాపాయన గొంతు వచ్చినవైపు తిరిగి, "నాకు కనపడలేదు. కొన్నాళ్ళుగా కనపడటం లేదు," అన్నాడు.

చేతుల కోసం మళ్ళీ బట్ట తెప్పించారు. ఎవరూ బావని ఒక్క మాట అనలేదు. అది ఆయనకి తిట్టుకంటే గట్టిగా తగిలింది. సుద్ద డబ్బా సర్దబోయిన పిన్నికి సీసా దొరికింది. ఆ సాయంత్రం దాన్ని తీసుకొచ్చి అక్క చేతిలో పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను. సీసా దాదాపు నిండుగా ఉంది. అక్క దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. బావ చెప్పులు గోడకి ఆనించి విడిచి, కుర్చీ తట్టి కూర్చున్నాడు. ఆ తట్టడం ఆవిడ ఆ రోజే మొదటిసారి నిజంగా చూసిందనుకుంటాను.

"అగ్గిపెట్టెకి చోటు చూపించారు. దువ్వెనకి చూపించారు. ఈ సీసాకి నా ఇంట్లో చోటు దొరకలేదా మీకు?" అంది.

"దొరికేది. దాంతోపాటు నన్నూ ఒక మూల పెట్టేదానివి," అన్నాడు బావ.

కోడలు వంటగదిలో నిలబడిపోయి ఏడ్చింది. తను అందరికీ గొప్పగా చెప్పుకున్న టీ తాగే తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లకి అర్థమైంది.

మర్నాడు అక్క తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చుక్కలు మానకుండా ఉండుంటే ఇంకొంత మిగిలి ఉండేదన్నాడు డాక్టరు. ఎంత మిగిలేదని అక్క అడిగింది. అది ఇప్పుడు చెప్పి లాభం లేదన్నాడు. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం అక్క పిలవడం, బావ తల వెనక్కి వాల్చడం ఆ ఇంట్లో కొత్త అలవాటైంది. "మెషినుకి నూనె పోసినట్టు పోస్తోంది మీ అక్క. ఇక బట్ట పెట్టడమే ఆలస్యం," అని నాతో అనేవాడు. నవ్వించడానికే అనేవాడు. అక్క నవ్వేది కాదు.

షాపాయన మంచివాడు. పొమ్మనలేదు. ముందు గదిలో కొలతలు చూసుకోమన్నాడు. బావ టేపు మీద అంగుళానికో దారం ముడి వేసుకుని, వేళ్ళతో లెక్కపెట్టి పైకి చెప్పేవాడు. పక్కనున్నవాళ్ళు రాసుకునేవాళ్ళు. ఒక్క కొలతా తప్పలేదు. బల్ల దగ్గరికి కొత్త కటింగ్ మాస్టరు వచ్చాడు. నడివయసు మనిషి, మాటలో మెత్తదనం ఉన్నవాడు, బావని గురువుగారూ అని పిలిచేవాడు. ఆయన కత్తెర చిన్న చిన్న కొరుకులుగా నడిచేది. బావ కత్తెర ఒక్క ఊపున చివరిదాకా పోయేది. ఆ చప్పుడు ముందు గదిలోకి వినపడుతూనే ఉండేది. వినపడినప్పుడల్లా బావ చేతిలోని టేపు ఆగిపోయేదని పిన్ని నాతో చెప్పింది.

బావ షాపుకి వెళ్ళిన ఆఖరి రోజున నేనక్కడే ఉన్నాను. నాకు కొత్త చొక్కా అవసరమేమీ లేదు. ఆయన చేత కొలిపించుకుందామని బట్ట కొనుక్కుని వెళ్ళాను. ముందు గదిలో ఎవరో పెద్ద కుటుంబం నిండిపోయి ఉంటే, నన్ను లోపలికి రమ్మని బల్ల పక్కన నిలబెట్టాడు. "ఏమోయ్, చదివి చదివి భుజాలు వంగిపోయాయి. నిటారుగా నుంచో. చేతులు పక్కకి చాపు," అన్నాడు. చాపాను. భుజం కొలత చెప్పాడు. ఛాతీ కొలత చెప్పాడు. చెబుతూ చెబుతూ, పాత చోటు కాబట్టి కాబోలు, బల్లకి నడుము ఆనించి నిలబడి, ఒక అరచెయ్యి బల్ల మీద పెట్టుకున్నాడు.

కొత్త మాస్టరు బట్ట తాను భుజాన వేసుకుని వచ్చాడు. కాసేపు ఆగాడు. ఇక తప్పనట్టు, "గురువుగారూ, కాస్త జరుగుతారా, బట్ట పరవాలి," అన్నాడు.

"ఆఁ, అలాగే నాయనా," అన్నాడు బావ. జరిగాడు. బల్ల మీది చెయ్యి మాత్రం వెంటనే తియ్యలేదు. బల్ల అంచుని ఈ కొస నుంచి ఆ కొసదాకా నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళి, అక్కడ తీశాడు. మెడలోని టేపు తీసి చుట్టచుట్టి పిన్ని ఒళ్ళో పెట్టాడు. పిన్ని సూది ఆపి తలెత్తింది. టీకి వెళ్తున్నాడనుకున్నాడు షాపాయన. వెనక బల్ల మీద తాను దొర్లుతున్న చప్పుడు. నా చేతులు ఇంకా చాపే ఉన్నాయి. బావ ముందు గదిలోని మనుషుల మధ్య నుంచి దారి చేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.