విస్తరి ముందు కూర్చున్న నోటీసు

ఆ రోజుల్లో, అంటే కొత్తగా కుట్టించుకున్న నల్లకోటు మే నెల ఎండలో కూడా విప్పకుండా నరసరావుపేట బజారంతా తిరిగిన రోజుల్లో, లోకంలో చట్టాన్ని మించింది లేదని నమ్మేవాణ్ణి. (భోజనం ఉందని మిల్లు బాబాయి నేర్పాడు.) బాబాయికి శావల్యాపురం దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది. కారంపూడిలో యంత్రాలమ్మే దూరపు చుట్టం ఒకాయన్ని మేమంతా మిషన్ల మామ అనేవాళ్ళం. ఆయన అమ్మిన యంత్రం మొదటి సీజన్లోనే దూదికి బదులు పొగ ఊదింది. పాత యంత్రంతో కొన్నాళ్ళు ఈడవొచ్చు గానీ, దాన్ని మార్పించకపోతే మిల్లు మూతే. ఒప్పందం ప్రకారం తగాదా వస్తే కోర్టుకు కాదు, మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలి. దానికి మూడేళ్ళ గడువు. ఆలోగా నోటీసు అవతలివాడి చేతికి అందాలి.

నోటీసు నేనే రాశాను, మా సీనియర్ గారు దిద్దారు. తీరా పంపుదామనుకునేసరికి ప్రతిసారీ మామ ఇంట్లో గృహప్రవేశమో బారసాలో వచ్చిపడేది. బాబాయి వెళ్ళి సుష్టుగా తిని వచ్చి, మా ఆఫీసులో తాపీగా కూర్చునేవాడు.

"నిన్న ఆయన విస్తట్లో తిని ఇయ్యాల నోటీసిస్తే జనం ఏమనుకుంటారు? ఒక నెలాగరా."

మా వైపు అదొక పద్ధతి. ఒకరింటి ఉప్పు తిన్న నెలలో వాళ్ళమీద కాగితం పెట్టరు. మామ కూడా మాట్లాడుకుందాంలే అంటూ గారెలు వడ్డించేవాడు. మాటలు నడుస్తున్నాయి గనక గడువూ ఆగి ఉంటుందని బాబాయి ధీమా. తిన్నది అరుగుతుంది గానీ గడువు ఆగదయ్యా అని సీనియర్ గారు తల పట్టుకునేవారు.

చివరికి ఆఖరి రోజు రానే వచ్చింది. ఆ రోజే మామ మనవరాలి ఓణీల ఫంక్షను. మంచినీళ్ళు కూడా ముట్టమని ఒట్టు పెట్టుకుని ఇద్దరం కారంపూడి బస్సెక్కాం. పందిట్లో అడుగుపెట్టగానే గుత్తివంకాయ వాసన. ముందు తినండి, తర్వాతే మాటలు అంటూ మామ మమ్మల్ని బంతి వైపు లాక్కుపోయాడు. చూస్తే బాబాయి అప్పటికే చెప్పులు విప్పేశాడు. మిల్లు పోయినట్టే అనుకున్నాను. చదివింపులు రాసే బల్ల మీదే నోటీసు పెట్టి, అందినట్టు సంతకం అడిగాను.

మామ నిదానంగా చదివాడు. "మూడేళ్ళనుంచి మాటలే గానీ ఒక్క కాయితమన్నా రాకపోతే, మిషను మళ్ళీ బాగానే ఆడతందేమో అనుకున్నా గదరా" అన్నాడు. అని, సంతకం చేసి, "ఇప్పుడన్నా తింటారా?" అన్నాడు.

తిన్నాం. నేను వంకాయ రెండోసారి వేయించుకున్నాను. తిరుగు బస్సులో బాబాయి నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆయన ఉప్పు తిన్నాం గదా. ఆ కాయితం ఎనక్కి తెచ్చుకుంటే ఏందంట?"

తేనివ్వలేదు. మధ్యవర్తి కూర్చోకముందే మామ యంత్రం మార్చాడు. మిల్లు ఇప్పటికీ ఆడుతోంది, ఇద్దరికీ రాకపోకలూ ఆగలేదు.

ఇప్పుడు నేనే సీనియర్ని. నోటీసు అందేదాకా అవతలివాడి ఇంట్లో చెయ్యి కడగొద్దని కక్షిదారులకు మొదటి రోజే చెబుతాను. అన్నట్టు, మా ఆఫీసు మేడ కట్టిన కాంట్రాక్టరు చలవ వల్ల వానొస్తే నా కుర్చీ పక్కన బక్కెట్టు పెట్టుకుంటున్నాను. ఆయనకివ్వాల్సిన నోటీసు పోయినేడే టైపు చేయించాను. నిన్న ఆయనే వచ్చి కూతురి నిశ్చితార్థానికి శుభలేఖ ఇచ్చి పిలిచి వెళ్ళాడు. వంటమనిషి కారంపూడి నుంచి వస్తున్నాడట. నా జూనియర్ కుర్రాడు నోటీసు వంకా నా వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. వెళ్ళొచ్చాక చూద్దాంలే అన్నాను. గడువు ఇంకా ఉందిగా.