బేతమంగళ బస్సులో ఒక ఫొటో

అంగడివాళ్ల ఇంట పుట్టినవాణ్ణి కదా, ఊరి ప్రకటనల కోసం పెట్టిన వెబ్‌సైటుకు సర్వర్ కూడా బేరమాడి చౌకదే తీసుకున్నాను. పెద్ద ఫొటో వస్తే దాన్ని చిన్న బొమ్మగా కుదించలేక కూలిపోయేది. ఆ రోజు బేతమంగళ బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని దాన్ని లేపుతున్నాను, అది పడుతోంది.

పక్కసీటు ఆమె ఫోను నొక్కుతూ, "ఇంగొక తూరి," అని గొణుగుతోంది. తొంగిచూస్తే నా సైటే. ఆమె ఎక్కిస్తున్న పెద్దాయన ఫొటో కింద 'మా నాయన తప్పిపోయినాడు' అని రాసి ఉంది.

"కాస్త ఆపమ్మా, ఆ సైటు నాదే. నువ్వు నొక్కినప్పుడల్లా పడిపోతా ఉండాది."

"ఆపేస్తే మా నాయనను యాడ వెతికేదప్పా?"

సర్వర్‌ను మళ్లీ లేపాను, మళ్లీ పడింది. కోరమండల్ స్టాపులో దిగుతూ ఆమె ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"ఊరికి కనపడకుంటే పోనీ. నువ్వన్నా బాగా చూసుకో."

చూశాను. ఇప్పటికీ బస్సెక్కితే సీటు కన్నా ముందు ముఖాలు చూస్తాను.