బావ కొట్టు బోర్డుకి గుమ్మడికాయ

అరవయ్యో దశకం చివర్లో మా బావ ఆమదాలవలస స్టేషను రోడ్డులో బట్టలు కుట్టే కొట్టు పెట్టాడు. రైలు దిగినవాళ్ల కంటబడేలా ఇంగ్లీషు బోర్డు కావాలన్నాడు. ఇంట్లో బి.ఏ. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక అక్షరాలు నేనే రాసిచ్చాను. పెయింటరు వాటిని రేకు మీదికి ఎక్కించాడు. బావ దానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, కొట్టు ముందు బిగించాడు. నేను దూరంగా నిలబడి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ వినలేదు.

మర్నాడు పొద్దున్న ఎదురు హోటల్లో టీ తాగుతూ ఆ బోర్డు చూసుకుని మురిసిపోతున్నాను. గ్లాసు కింద పెట్టి మళ్లీ చదివాను. టైలర్ అన్న మాటలో 'ఓ' ఉండవలసిన చోట 'ఈ' ఉంది. పెయింటరు తప్పేమీ లేదు. నేను రాసిందే రాశాడు.

మరో రోజైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ సాయంత్రమే ఆ ఊరి రీడింగు రూములో దిష్టి ఉందా లేదా అని చర్చ. లేదని నేను, ఉందని విజయనగరం నుంచి వచ్చే ప్లీడరుగారు. రైలు దిగితే ఆ బోర్డు ముందునుంచే రావాలి. దేవుడున్నాడా లేడా అన్న కిందటి సభలో ఆయన కరపత్రంలోని ఇంగ్లీషు తప్పులు ఏరి చదివి జనాన్ని నవ్వించింది నేనే. ఆ తప్పులకీ దేవుడు లేడనడానికీ సంబంధమేమిటో ఇప్పటికీ చెప్పలేను.

బోర్డు దించి దిద్దిద్దామని బావని బతిమాలాను.

"పసుపెట్టిన బోర్డు దించకూడదు. నీ పరువు కోసరం నా కొట్టుకి కీడు తెస్తావేట్రా?" అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, కాసేపటికి తనే దారి చూపించాడు. "ఆ అచ్చరం కనబడకూడదు, అంతే గదా? దిష్టికి గుమ్మడికాయ ఎలాగూ కట్టాల. నువ్వే ఎక్కి దానికి అడ్డంగా కట్టీ."

హేతువాదం నూరిపోసిన బుర్రకు అది గొప్ప ఉపాయంగా తోచింది. నిచ్చెన ఎక్కాను. కాయ బరువుకి తాడు జారుతోంది. పళ్లతో పట్టి ముడి బిగిస్తుంటే కిందనుంచి గొంతు వినబడింది. ప్లీడరుగారు ముందు బండికే వచ్చేశారు.

"ఏటి బాబూ, నువ్వేనా? బిగించి కట్టు. సాయంత్రం నేను మాటాడ్డానికేటీ మిగల్లేదు."

ఇది దిష్టికి కాదండీ అనబోయి ఆగాను. అయితే మరెందుకని అడుగుతారు. కాయ తీస్తే నా ఇంగ్లీషు బయటపడుతుంది. ఉంచితే నా హేతువాదం పోతుంది.

ఇంకో ముడి వేశాను.