రసాల బాబాయ్ గారికి వేసిన గ్రిప్పులు

2023 వేసవి. నూజివీడులో ఆగిరిపల్లి వైపు వెళ్ళే రోడ్డు మీద మాది చిన్న షాపు. బండ్లకు సీటు కవర్లు, అద్దాలు, స్టిక్కర్లు, హ్యాండిల్ గ్రిప్పులు అమ్ముతాం, మేమే వేసి ఇస్తాం. "మేం" అన్నది మర్యాదకే. నాన్నకు చూపు మందగించి ఇంటిపట్టున ఉన్నప్పటి నుంచి షాపులో ఉండేది నేనొక్కదాన్నే. మొదట్లో కొందరు బండి దిగకుండానే "మెకానిక్ లేడా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నాడు, నేనే" అనేదాన్ని. కొందరు నవ్వి దిగేవాళ్ళు, కొందరు అలాగే వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళిపోయినవాళ్ళలో సగం మంది తర్వాత మళ్ళీ వచ్చారు.

మామిడి రోజుల్లో మా ఊరి గాలే వేరు. మధ్యాహ్నం రెండయ్యేసరికి రోడ్డు మీద నరమానవుడు కనిపించడు. ఎక్కడో గడ్డిలో మాగుతున్న పళ్ళ వాసన వేడిగాలితో పాటు షాపులోకి వచ్చి కూర్చుంటుంది. ఆ వాసనకి నాకు సగం నిద్ర, సగం మెలకువ. ఆ వేళల్లో జరిగినవి ఇప్పుడు తలుచుకుంటే, నిజంగా జరిగాయా, కలగన్నానా అనిపిస్తుంది.

గ్రిప్పు అంటే హ్యాండిల్ చివర మనం చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగు. ఎడమదీ కుడిదీ చూడటానికి ఒకలాగే ఉంటాయి, కానీ ఒకటి కాదు. ఎడమది నేరుగా ఇనుప గొట్టం మీద కూర్చుంటుంది. కుడిది థ్రాటిల్ ట్యూబు మీద, అంటే యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు తిరిగే ప్లాస్టిక్ గొట్టం మీద కూర్చుంటుంది. అందుకే దాని లోపలి వెడల్పు కాస్త ఎక్కువ. కుర్రకారు రంగు చూసి కొంటారు. చేతికి సుఖంగా ఉండాలని అడిగి మార్పించుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకరు వీరరాఘవయ్య గారు.

డెబ్బైకి దగ్గర పడిన మనిషి. ఆగిరిపల్లి దగ్గర నాలుగెకరాల మామిడి తోట, అన్నీ చిన్న రసాలే. తోటని వ్యాపారులకు గుత్తకు ఇవ్వకుండా, పళ్ళని తనే గడ్డిలో మాగేసి, బుట్టలు కట్టి, బండి మీద ఇళ్ళకు చేర్చేవారు. ఆయన పనితనం అంతా బొటనవేలిలో ఉండేది. పండు మీద వేలు ఆనించి, నొక్కకుండా, "ఇది రేపు, ఇది ఎల్లుండి, ఇది శుక్రవారం" అనేవారు. ఆయన చెప్పిన రోజున ఆ పండు నోట్లో పెట్టుకుంటే ఇక మాట ఉండదు. జనం ఆయన్ని పండ్లు అడిగేవాళ్ళు కాదు, రోజు అడిగేవాళ్ళు. "బాబాయ్ గారూ, పదో తారీఖు మా ఇంట్లో శుభకార్యం, ఆ రోజుకి రెండు బుట్టలు" అనేవాళ్ళు.

ఏప్రిల్ మొదట్లో ఆయన నా దగ్గరికి వచ్చారు. గ్రిప్పులు అరిగి, గట్టిపడి, నున్నగా మెరుస్తున్నాయి.

"చేతులు జుమ్మంటున్నాయి కరుణమ్మా. బండి దిగాక కూడా వేళ్ళలో తేనెటీగలు తిరుగుతున్నట్టుంటోంది. మెత్తటివి ఏవన్నా వెయ్యి" అన్నారు.

మెత్తటివి అంటే ఫోమ్ గ్రిప్పులు, స్పంజి లాంటివి. వేశాను. గ్రిప్పు గొట్టం మీదకి ఊరికే ఎక్కదు, లోపల ఏదో ఒకటి రాసి జార్చాలి. ఆ రోజు చేతికి దగ్గర్లో సబ్బు నీళ్ళున్నాయి, అవే రాశాను. బండి సాయంత్రం దాకా ఉంచమందామనుకున్నాను గానీ ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. అవతల పళ్ళు మాగుతున్నాయి, అవి మనిషి కోసం ఆగవు. వెళ్ళిపోయారు.

రెండు వారాలకి మళ్ళీ వచ్చారు. జుమ్మనడం తగ్గలేదు, చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారుతున్నాయట. నేనింకా లావు జెల్ గ్రిప్పులు వేశాను. లోపల జెల్లీలాంటి మెత్తటి పొర ఉండి, పిడికిలి నిండా వచ్చేవి. మళ్ళీ అదే సబ్బు నీళ్ళు, అదే తొందర. "ఇప్పుడు ఎలా ఉందండీ?" అంటే "దివ్యంగా ఉందమ్మా" అన్నారు. నా గొప్ప నాకు ముద్దొచ్చింది.

మే నెల సగానికి మూడోసారి వచ్చారు. ఈసారి బండి పక్కన ఆపి, నీడలో స్టూలు లాక్కుని కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నారు.

"వచ్చే ఏడు నుంచి తోట గుత్తకి ఇచ్చేస్తున్నానమ్మా. చాట్రాయి వ్యాపారి ఒకాయన అడుగుతున్నాడు. ఆదివారం మాట ఇచ్చేస్తా" అన్నారు.

"అదేంటి బాబాయ్ గారూ?"

ఆయన గ్లాసు కింద పెట్టి చెప్పారు. ఉంగుటూరులో ఒకళ్ళ మనవడి అన్నప్రాసనకి బుట్ట పంపారట. ఆ రోజుకి సరిగ్గా పండుతాయని చెప్పి పంపినవి, విప్పేసరికి సగం పులిసిపోయాయట. వాళ్ళు పల్లెత్తు మాట అనలేదు. "అనకపోవడమే నాకు పట్టుకుంది. బొటనవేలికి ఏం తెలియడం లేదమ్మా. పండు మీద పెడితే పండు మీద పెట్టినట్టే లేదు. నలభై ఏళ్ళు వచ్చిన విద్య, చెప్పకుండా పోయింది" అన్నారు.

వయసుకి మందు లేదు, కానీ బండి చూడకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. షాపు షట్టరు సగం దించి, "తాళాలు ఇవ్వండి. నేను నడుపుతా, మీరు వెనక కూర్చోండి. తోట దాకా వెళ్ళొద్దాం" అన్నాను. ఆయన ఇబ్బంది పడ్డారు. "జనం ఏమనుకుంటారమ్మా?" అంటే, "కూతురు తండ్రిని తీసుకెళ్తోందనుకుంటారు" అన్నాను. నవ్వి ఎక్కారు.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. రోడ్డుకి అటూ ఇటూ తోటలు. ఎండ ఆకుల్లోంచి చిల్లులు పడి రోడ్డు మీద కదులుతోంది. ఒక చోట కోత జరుగుతోంది, కాయలు కోసే చిక్కం కర్రలు, చివర వల కట్టినవి, కొమ్మల్లోకి మెల్లగా లేస్తున్నాయి, మనుషుల గొంతులు వినపడుతున్నాయి గానీ మనుషులు కనపడటం లేదు. గాలి తియ్యగా, బరువుగా ఉంది. ఎందుకు బయల్దేరానో కాసేపు మర్చిపోయాను. నా ఒళ్ళు నాది కాదన్నట్టు తేలిపోతోంది. వెనక నుంచి బాబాయ్ గారు "ఆ తోటవి పెద్ద రసాలు, దీనివి బంగినపల్లి" అని నెమ్మదిగా చెబుతున్నారు.

అప్పుడు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వేగం తగ్గించి, దాటాక మళ్ళీ యాక్సిలేటర్ ఇచ్చాను. గ్రిప్పు తిరిగింది, ఇంజను పలకలేదు. రవ్వంత జారి, ఆ తర్వాత ట్యూబుని పట్టుకుంది. ఆ రవ్వంతకే నా పిడికిలి దానంతటదే బిగుసుకుంది. అప్పుడు చూసుకుంటే, షాపు దగ్గర బయల్దేరినప్పటి నుంచీ బిగించే ఉన్నాను. మైలు దూరానికే నా చిటికెన వేలు తిమ్మిరెక్కింది. మత్తంతా వదిలిపోయింది.

సబ్బు ఆరలేదు. ఆరినా పొరలా మిగిలిపోయింది. చెమట తగిలినప్పుడల్లా మళ్ళీ జారుతోంది. దానికి తోడు ఆయనవి చిన్న చేతులు. నేను వేసిన లావు గ్రిప్పు చుట్టూ వేళ్ళు పూర్తిగా అందవు, అందక ఇంకా గట్టిగా పట్టుకుంటారు. నెలన్నర నుంచి ఆ మనిషి రోజంతా గ్రిప్పు జారిపోకుండా పిడికిలి బిగించి తిరుగుతున్నారు.

తోటలో తాటాకు పాకలో గడ్డి మీద పళ్ళు వరసలుగా పరిచి ఉన్నాయి. లోపల చీకటిగా, చల్లగా, వాసనతో నిండి ఉంది. ఆయన అలవాటు కొద్దీ ఒక పండు మీదకి చెయ్యి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకున్నారు. అది చూశాక ఇక నేను ఆగలేకపోయాను.

"తప్పు మీ వయసుది కాదండీ, నాది. గ్రిప్పు సరిగ్గా వెయ్యలేదు. అది తిరుగుతోంది. మీరు దాన్ని పట్టుకోవడానికి చెయ్యి నలగ్గొట్టుకున్నారు."

"తిరుగుతోందని నాకు తెలుసమ్మా" అన్నారాయన.

"తెలుసా? మరి రెండోసారి వచ్చినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అంత కష్టపడి వేశావు. బాలేదంటే చిన్నబుచ్చుకుంటావని."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మొహమాటానికి పోతే ఏమైందో ఒక సామెత ఉంది, పెద్దాయన ముందు నేను పూర్తిగా చెప్పలేను. సగం చెప్పి ఆపేశాను. మిగతా సగం ఆయనే పూర్తి చేసి, పాకంతా మోగేలా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ గ్రిప్పు ఏ లారీ ముందో జారి ఉంటే ఏమయ్యేదని ఆలోచిస్తున్నాను.

షాపుకి తిరిగొచ్చాక "చెయ్యి ఇవ్వండి" అన్నాను. అన్నేళ్ళలో ఒక కస్టమర్ చెయ్యి పట్టుకుని చూడటం అదే మొదలు. ఒక్కో గ్రిప్పూ చేతికిచ్చి పట్టుకోమన్నాను. వేళ్ళ కొసలు అరచేతికి గుచ్చుకోకూడదు, మరీ ఎడంగానూ ఉండకూడదు, మధ్యలో ఒక వేలు పట్టేంత సందుండాలి. ఆయనకి కుదిరినవి చివరికి అన్నిటికన్నా సన్నవి, మామూలు రబ్బరువి, నేను చూపించడానికి కూడా సిగ్గుపడే చవకవి. జెల్ గ్రిప్పుల్ని బ్లేడుతో కోసి తీసేశాను. గొట్టాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆ పెట్రోలు తడి మీదే కొత్తవి ఎక్కించాను. అది తర్వాత ఆవిరైపోయి రబ్బరుని పట్టి ఉంచుతుంది. బ్రేకు, క్లచ్ లివర్లు పైకి లేచి ఉంటే, మణికట్టు వంగకుండా కొంచెం కిందికి దించాను. హ్యాండిల్‌కి రెండు వైపులా ఆయన తగిలించుకునే బుట్టల కొక్కేలు పీకేసి, ఆ బరువు చేతుల మీద పడకుండా వెనక క్యారియరు బిగించాను.

"రేపు సాయంత్రం దాకా బండి ఇవ్వను. పళ్ళు పండితే పండనివ్వండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించుకోండి. గుత్త మాట మాత్రం పళ్ళు అయిపోయేదాకా ఇవ్వకండి" అన్నాను. నా నోటికి అలవాటు లేని దబాయింపు అది. ఆయన బుద్ధిగా తలూపారు. మణికట్టు దగ్గర నరాల మీద ఒత్తిడి పడిందని డాక్టరు గారు ఒక పట్టీ ఇచ్చి, కొన్నాళ్ళు చేతికి విశ్రాంతి ఇమ్మన్నారట.

జూన్ మొదటి వారంలో, మబ్బులు కమ్ముకొస్తున్న ఒక సోమవారం, ఆయన వచ్చి నా బల్ల మీద ఒక రసం పండు పెట్టారు. బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలా ఉండిపోయారు. "గురువారం" అన్నారు. "అంతకుముందు ముట్టుకోకు. గురువారం వచ్చి అడుగుతా."

ఆ మూడు రోజులూ పండు బల్ల మీదే ఉంది. బుధవారం మధ్యాహ్నం షాపంతా దాని వాసనే. ఆ వాసనకి కళ్ళు మూతలు పడుతున్నాయి. నాకు అర్థమైంది, అది ఆ రోజే పండింది. తినేసి, రేపు ఆయనతో "సరిగ్గా ఉంది బాబాయ్ గారూ" అనేస్తే సరిపోతుంది. ఆ మాట కోసమే ఆయన వస్తారు. తినలేదు. గురువారం ఆయన ముందే రసం పిండుకుని నోట్లో పెట్టుకున్నాను. తియ్యదనం దాటి కొంచెం పులుపు తిరిగింది.

"ఎలా ఉంది?" అన్నారు. ఆయన చేతులు మోకాళ్ళ మీద బిగుసుకుని ఉన్నాయి.

"ఒక్క రోజు ఆలస్యమైందండీ. నిన్నటి పండు ఇది."

అన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత ఆయన తన బొటనవేలు వైపు చూసుకుని, "ఒక్క రోజేనా? ఉంగుటూరు బుట్టకి మూడు రోజులు తప్పాను" అన్నారు.

ఆ వేసవి నాకు రెండు విషయాలు నేర్పింది. మెత్తగా ఉన్నదల్లా సుఖం కాదు, చేతికి సరిపోయిందే సుఖం. గ్రిప్పు వేసిన వెంటనే "ఎలా ఉంది?" అని అడిగితే మా వైపు మనుషులు బాగుందనే అంటారు. అందుకే ఇప్పుడు పది రోజుల తర్వాత రమ్మంటాను, బండి నేనే నడిపి చూస్తాను, తప్పుంటే నేనే ముందు చెబుతాను. నేను నిజం చెబితేనే ఎదుటివాళ్ళకి చెప్పే ధైర్యం వస్తుంది.

ఆ రోజు ఆయన బండెక్కుతుంటే అడిగాను. "మరి తోట సంగతి ఏం చేస్తారండీ?"

"గుత్తకి ఎందుకిస్తానమ్మా?" అన్నారాయన. "ఎంత తప్పుతున్నానో తెలిసింది కదా. చెయ్యి గురువారం అంటే, నేను బుధవారం అని చెప్తా."