ఆరు శనివారాలు కాళ్లు దగ్గర పెట్టుకుని

ఆ క్లాసులో చేరాలని నేను అనుకోలేదు. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో, అంటే ఎనభైల మొదట్లో, మా వారు నన్ను ఇంగ్లీషు క్లాసులో వేద్దామని దగ్గర్లో ఉన్న హైస్కూలుకి తీసుకెళ్లారు. శనివారాలు అక్కడ పెద్దవాళ్లకి క్లాసులు జరిగేవి. ఇంగ్లీషు క్లాసు నిండిపోయింది. ఖాళీ ఉన్నది చెక్క గిన్నెలు చేయడం నేర్పే క్లాసు ఒక్కటే. ఎలాగూ వచ్చాం కదా అని అందులో రాయించేశారు. ఆయన దృష్టిలో క్లాసంటే క్లాసే.

నాకు మాత్రం మొదటి రోజే పిచ్చి పట్టుకుంది. లేత్ మిషను మీద చెక్క మొద్దు గిర్రున తిరుగుతుంటే పొడుగాటి ఉలి ఆనిస్తే చాలు, పచ్చి చెక్క రిబ్బన్లు రిబ్బన్లుగా లేచి మొహాన పడేది. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న దాన్ని. నా చేతుల్లోంచి ఒక వస్తువు బయటికి వస్తుందని ఎవరూ అనుకోలేదు, నేనైతే అసలు అనుకోలేదు. వారమంతా అపార్ట్‌మెంట్‌లో గోడలతో మాట్లాడుకుంటూ శనివారం కోసం కాచుకుని ఉండేదాన్ని. మిషను దగ్గర చీర పనికిరాదంటే మా వారి పాత ప్యాంటు బెల్టుతో బిగించుకుని, జడ ముడేసుకుని వెళ్లేదాన్ని.

గిన్నె బయటి వైపు బాగానే వచ్చేది. లోపల తొలచడం దగ్గరే చిక్కు. అంచు నుంచి నడిమికి వెళ్తుండగా సగంలో ఉలి చెక్కలో దిగబడి ఠప్పుమని ఎగిరేది. గిన్నె పగిలేది. ఒకటి కాదు, నాలుగు. తెల్ల మీసాల ముసలి మేష్టారు ప్రతిసారీ వచ్చి ఏదో చెప్పేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గోడ పక్కన స్టూలు మీద కూర్చున్న మా వారి వైపు చూసేదాన్ని.

“ఏమంటున్నారండీ?”

“జాగ్రత్తగా నిలబడమంటున్నాడు.”

“నిలబడే ఉన్నాగా?”

“ఇంకొంచెం జాగ్రత్తగా.”

ఇంకొంచెం జాగ్రత్తగా నిలబడేదాన్ని. అంటే కాళ్లు ఇంకా దగ్గరికి లాక్కుని, మోచేతులు పక్కలకి అదుముకుని, నడుం కదలకుండా. జాగ్రత్తంటే మా ఇంట్లో నేర్పింది అదే. ఉలి తిప్పడమంతా చేతులతోనే. చేతులు అందినంత మేర ఉలి గిన్నె వంపు వెంట తిరిగేది, అక్కడి నుంచి అడ్డం తిరిగేది.

ఆరో శనివారం నాలుగో గిన్నె పగిలాక మేష్టారు మిషను ఆపేసి చాలాసేపు మాట్లాడాడు. మా వారు లేచి నా దగ్గరికి వచ్చారు.

“వచ్చే వారం ఆఖరి క్లాసు. అప్పుడు కూడా ఉలి ఎగిరితే పై టర్ముకి నిన్ను తీసుకోడట. నీకూ ప్రమాదం, పక్కవాళ్లకీ ప్రమాదం అంటున్నాడు.”

ఈ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా తెలుగు చేశారు.

నా కళ్లలో నీళ్లు తిరగడం చూసి మేష్టారు సుద్దముక్క తెచ్చాడు. మోకాళ్ల మీద కష్టంగా వంగి నేల మీద రెండు పాదాలు గీశాడు, ఒకదానికొకటి మూరెడు దూరంలో. వాటి మీద తాను నిలబడి, ఉలి పిడిని తుంటికి ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి ఒక కాలి మీద బరువు రెండో కాలి మీదికి మెల్లగా తీసుకెళ్లాడు. చేతులు కదల్లేదు. మనిషంతా ఊగాడు, ఉలి దానంతటది గాల్లోనే గిన్నె వంపు గీసింది.

నేను మా వారి వైపు తిరిగాను.

“ఇన్ని వారాలుగా ఈయన చెప్తున్నది ఇదేనా?”

“ఆ. ఇంచుమించు.”

“జాగ్రత్తగా నిలబడమన్నాడన్నారు?”

“కాళ్లు ఎడంగా పెట్టి నడుం ఊపమంటున్నాడు. ఇంతమంది మగాళ్ల మధ్య ఆ మాట నీకు ఎలా చెప్పను?”

“నాలుగు గిన్నెలు పగిలాయండీ.”

“గిన్నెలదేముందిలే.”

పగిలిన గిన్నె ముక్కలు ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అవి నాకెందుకో ఆయనకి అర్థం కాలేదు. అదీ నా ఖర్మ.

ఆ వారమంతా వంటింట్లో తుడుపుకర్ర తుంటికి ఆనించుకుని ఊగాను. మొదట్లో తలుపు వేసుకుని. తర్వాత తలుపు తీసే.

“కబడ్డీకి రెడీ అవుతున్నావా?” అన్నారు మా వారు గుమ్మంలో నిలబడి.

“తప్పుకోండి, కర్ర తగుల్తుంది.”

ఆఖరి శనివారం స్కూలు ముందు కారు ఆగగానే చెప్పాను, “మీరు ఇక్కడే ఉండండి.”

“మరి ఆయన చెప్పేది నీకెవరు చెప్తారు?”

“ఇన్నాళ్లూ ఎవరు చెప్పారు?”

లోపల మగాళ్లంతా వాళ్ల వాళ్ల గిన్నెలు చూసుకుంటున్నారు. నా వైపు చూసిన వాడు లేడు. ఆరు వారాలుగా చూసింది మా వారు ఒక్కరే. గిన్నె బయటి వైపు అయ్యాక, చెరిగీ చెరగని సుద్ద పాదాల మీద నిలబడి, పిడి తుంటికి ఆనించి, లోపలి అంచున ఉలి పెట్టాను. సగానికి వచ్చాక, ఎప్పుడూ ఎగిరే చోట, చేతులు తొందరపడబోయాయి. వాటిని అక్కడే ఉంచి బరువు మార్చాను. ఉలి ఎగరలేదు. నడిమి దాకా వెళ్లింది. మళ్లీ అంచు నుంచి, మళ్లీ. పక్కనే నిలబడిన మేష్టారు ఒక్కసారీ గిన్నె వైపు చూడలేదు. నా కాళ్లే చూస్తున్నాడు. అంతా అయ్యాక జేబులోంచి కాగితం తీసి, పై టర్ము పేర్ల కింద నా పేరు నన్నే రాయమని వేలితో చూపించాడు. నా పేరు ఇంగ్లీషులో రాయడం నాకు వచ్చు.

కార్లో మా వారు గిన్నె అటూ ఇటూ తిప్పి చూశారు.

“అడుగు కొంచెం మందంగా ఉందే.”

“ఉంది.”

“పై టర్ములో నన్ను లోపలికి రానిస్తావా?”

“మీరు క్లాసు జరిగే ఆ రెండు గంటల్లో ఐసెలిన్‌లో మన వాళ్ల కొట్టుకి వెళ్లి కందిపప్పు కొనుక్కురండి,” అని గిన్నె ఆయన చేతిలోంచి తీసేసుకున్నాను.