వంకర చిటికెన వేలు

మా ఇంటామె గత నెల జ్వరంతో కన్నుమూసింది. మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. కాని నాగర్‌కర్నూలు, అచ్చంపేట వైపు సభల కరపత్రాలు చూసి ఉంటే, ఆమె చెయ్యిని చూసే ఉంటారు.

హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి వచ్చి, నాగర్‌కర్నూలులో చిన్న అచ్చుయంత్రం పెట్టుకున్నాను. కరపత్రాల మీది బొమ్మలు నేనే చెక్క మీద చెక్కేవాణ్ణి. మీసాలు, తలపాగాలు ఊహించి చెక్కగలను. పైకెత్తిన చెయ్యి మాత్రం ఎదురుగా కనిపిస్తేనే వచ్చేది. అందుకని వంటింట్లో ఆమెను నిలబెట్టేవాణ్ణి. గరిటె కింద పెట్టి చెయ్యెత్తేది.

"జల్ది కానియ్యుండ్రి. మీ సభ అయ్యేలోపు నా పప్పు మాడుతది."

చెక్కేటప్పుడు గాజులు వదిలేసేవాణ్ణి. కొత్తకాపురంలో రోకలి పడి వంగిన చిటికెన వేలును మాత్రం ఉన్నది ఉన్నట్టు దించేవాణ్ణి. అలా మా బొమ్మల్లో రైతులు, వకీళ్ళు, చివరికి అధ్యక్షులవారు కూడా వంకర వేలితోనే చెయ్యెత్తారు.

సభ అంటే సర్కారుకు అనుమానమే. ఒకరోజు పొద్దున పోలీసు అమీన్ తాళం, లక్క పట్టుకుని వచ్చాడు. చేతిలో తెలకపల్లి సభ కరపత్రం.

"అందరి చిటికెన వేలు వంకర. ఏం ఇషారా ఇది? ఎవలికి సైగ? సచ్ చెప్పు. లేకుంటే మిషినుకు సీలు ఏస్త."

నేను కుర్చీ జరిపితే కూచున్నాడు. ఆమె మజ్జిగ గ్లాసుతో వచ్చి, అది ఆయనకిచ్చి, ఆ చెయ్యిని ఆయన ముక్కు దాకా చాపింది.

"గిదే ఇషారా, అమీన్ సాబ్. రోకలి పడ్డది."

ఆయన వేలును చూశాడు, కాగితాన్ని చూశాడు. "మరి గీ మందంత?"

"నేనే. నన్నొక్కదాన్నే గింతమందిని చేసిండ్రు మా ఆయన. సభ అయింది మా పొయ్యికాడ. పట్టుకపోతే పొయ్యిని పట్టుకపోండ్రి."

అమీనుకు మజ్జిగ పొలమారింది. మీసాలు తుడుచుకుని, తాళం జేబులో వేసుకుని లేచాడు. "ఇగమీద వేళ్ళు సీదా చెక్కు" అని నాకు హుకుం. ఈ యంత్రం ఇప్పటికీ ఆడుతున్నదంటే ఆ మజ్జిగ పుణ్యమే.

ఆయన గడప దాటగానే ఉలి తీశాను. ఆమె చెక్క మీద అరచెయ్యి పెట్టింది.

"ముట్టకుండ్రి. సీదా చేస్తే అది నా చెయ్యి గాదు."

ముట్టలేదు.

మొన్న అచ్చంపేటవాళ్ళు కొత్త సభకు కరపత్రం అడిగారు. ఎదురుగా ఎత్తేందుకు చెయ్యి లేదు. పాత చెక్కకే సిరా రాసి అచ్చు వేశాను. తడి కాగితాలు వంటింటి దండెం మీద ఆరేశాను. కిటికీ గాలికి ఆ చేతులన్నీ ఒక్కసారి పైకి లేచాయి, ప్రతి చిటికెన వేలూ వంకరే. పొయ్యి మీద నేను పెట్టుకున్న పప్పు మాడు వాసన వస్తున్నది. దించలేదు. చేతులను చూస్తూ నిలబడ్డాను.